ఎండ తగిలిన పాలు

నేను పనిచేసిన ప్రతి ఊళ్లోనూ బడి పక్కనే ఇల్లు వెతుక్కున్నాను. కప్పు కారుతున్నా సరే, నుయ్యి దూరమైనా సరే, పక్కింటివాళ్లు నోటిదురుసు మనుషులైనా సరే. పొయ్యి దగ్గర కూర్చుంటే బడి గంట వినపడాలి, అదొక్కటే నా షరతు. "పంతులమ్మగారు బళ్లోనే చాప వేసుకుంటే పోలేదా" అని తోటి మేస్టర్లు వేళాకోళం చేసేవారు. అత్తవారి ఊరు రైలుకి అంత దూరమేమీ కాదు, సొంత ఇల్లుంది, గాదె నిండా గింజలున్నాయి, రోజూ వచ్చి వెళ్లొచ్చు కదా, కంచం ఒకచోట మంచం ఒకచోట ఏమిటీ బతుకు అని కొందరు బుద్ధులు కూడా చెప్పారు. వాళ్లకి జవాబు చెప్పాలని నాకెప్పుడూ అనిపించలేదు. పొగరు అనుకున్నారు. పొగరే, కాదనను. కాని అది ఊరికే పుట్టిన పొగరు కాదు.

అరవైల చివర్లో మాట. మా అత్తవారిది చీపురుపల్లికి కాస్త లోపలగా ఉన్న ఊరు. అత్త నాకు మేనత్తే, మా నాన్నకి తోడబుట్టింది. ఆమె కొడుకునే చేసుకున్నాను కాబట్టి పెళ్లికి ముందూ తర్వాతా ఆయన నాకు బావే. మామగారు అప్పటికే పోయారు. పల్లంలో వరి, మెట్టలో గోగు, చోడి, నువ్వులు పండేవి. నేను విజయనగరంలో ట్రైనింగు పూర్తిచేసి సమితి బడిలో టీచరుగా చేరాను. ఆ ఊళ్లో ఉద్యోగానికి వెళ్లే మొదటి కోడలిని నేనే. దానివల్ల దక్కిన గౌరవం ఏమిటంటే, నేను వీధిలో నడుస్తుంటే అరుగుల మీది మాటలు ఆగిపోయేవి, నేను దాటగానే మళ్లీ మొదలయ్యేవి.

బడి రామతీర్థం అవతల ఒక చిన్న ఊళ్లో. పొద్దున్నే బయల్దేరి చీపురుపల్లి స్టేషనుకి నడక. అక్కడ ప్యాసింజరు ఎక్కి నెల్లిమర్లలో దిగాలి. మళ్లీ నడక, అదృష్టం బాగుంటే రామతీర్థం దాకా జట్కా. సాయంత్రం ఇదంతా తిరగేసి. ఇంజను బొగ్గు నలుసులు కళ్లలో పడేవి. ఓడరేవుకి ఖనిజం మోసుకెళ్లే గూడ్సుబండి వస్తే మా ప్యాసింజరుని ఏదో చిన్న స్టేషన్లో పక్క లైనుకి తోసి ఆపేసేవారు. రాళ్లకున్న తొందర మనుషులకి ఉండకూడదు కాబోలు. అయినా పెళ్లయిన కొత్తలో అదంతా నాకు కష్టమనిపించలేదు. కిటికీ పక్కన చోటు దొరికితే చాలు, లోకం మరిచిపోయి కూర్చునేదాన్ని. నిండు నెలలతో కూడా తిరిగాను. తొలిచూలు కూతురు పుట్టాకే దూరం అంటే ఏమిటో తెలిసింది.

పిల్ల నల్లగా, బొద్దుగా, నెత్తినిండా జుట్టుతో పుట్టింది. ఆకలేస్తే వీధి చివరిదాకా వినపడేలా ఏడ్చేది. నా పాలు తప్ప ఇంకేమీ ఎరగదు. ఇంకా తల నిలపకముందే నా సెలవు అయిపోయింది. పొద్దున్నే వదిలి వెళ్తే మళ్లీ దీపాలవేళకే నేను ఇల్లు చేరేది. ఈ మధ్యలో దాని కడుపు ఎలా నిండుతుంది? ఇంట్లో ముగ్గురికీ ఉన్న ప్రశ్న ఇదే. జవాబులే వేరు.

నా జవాబు తేలికైనది. బడి ఉన్న ఊళ్లో గది తీసుకోవాలి. బడికి సరిగ్గా ఎదురుగా ఒక ముసలమ్మ ఇల్లుంది. భర్త లేడు, పిల్లలు లేరు, వసారా పక్క గది ఖాళీగా పడి ఉంది. నేను వెళ్లి అడిగితే మొహం ఇంత చేసుకుంది.

"రాయే తల్లీ, నీ గుంటని నాను సూసుకుంతాను. గంట కొట్టగానే వచ్చి పాలిచ్చి ఎల్లు. అయిదంగల్లో వస్తావు. ఏటి కష్టం?" అంది.

బావతో చెప్పాను. బావ చెడ్డవాడు కాదు. నా మీద చెయ్యెత్తలేదు, నా ఉద్యోగం మానమనలేదు. కాని ఏ సంగతి చెప్పినా "సూద్దాంలే" అనేవాడు. పొలంలో తెగులు పట్టినా సూద్దాంలే, దూలం విరిగినా సూద్దాంలే. ఆయన చూసేలోగా ఆ దూలం నెత్తిన పడాలి.

"సూద్దాంలేవే. అమ్మనొక్కర్తినీ ఒగ్గేసి ఎలగెల్తాం? పొలం ఎవుడు సూస్తాడు?" అన్నాడు.

"నువ్వు రానక్కర్లేదు బావా. నానూ పిల్లా ఎల్తాం. ఆదివారం ఆదివారం వస్తాం."

"పెళ్లాన్నీ పిల్లనీ పరాయూర్లో ఒగ్గేసి నానిక్కడ అంబలి తాగుతా కూకుంటే, ఊరేటనుకుంటాది?"

అత్త దగ్గర ఈ సందేహాలేవీ లేవు. ఆమెకి అన్నీ తెలుసు. "మేకపాలు పడదాం. నీ మొగుడు మేకపాలతోటే పెరిగినాడు. సచ్చిపోనాడేటి?" అంది. పసిగుంటని ఇప్పుడే పొలిమేర దాటించకూడదంది. ఇంట్లో దీపం పెట్టే కోడలు ఉండగా ఇల్లు ఒంటరిగా ఉండకూడదంది.

అలా తూకం వేశారు. ఒక తట్టలో పొలం, ఇల్లు, ఊరి మాట, అత్త ఒంటరితనం. ఇంకో తట్టలో ఒక పసిపిల్ల ఆకలి. పసిపిల్ల ఎంత బరువుంటుంది! నేను రైలు ఎక్కాను.

రెండో గంట కొట్టే వేళకి బడిలో నా రొమ్ములు రాళ్లలా అయ్యేవి. ఎక్కడో ఎవరి పిల్లో ఏడుస్తే చాలు, జాకెట్టు తడిసిపోయేది. పైట చుట్టూ తిప్పుకుని ఎక్కాలు చెప్పించేదాన్ని. పిండెయ్యకపోతే జ్వరం వచ్చేలా ఉండేది. పిండటానికి కూడా పద్ధతులున్నాయి. పాలు నలుగురూ తొక్కేచోట పడకూడదు, పడితే ఎండిపోతాయని మా వైపు నమ్మకం. గోడకి పిండాలి. విరామం గంట కొట్టగానే ఎదురింటి ముసలమ్మ గదిలోకి వెళ్లి తలుపు వేసుకునేదాన్ని. నేనూ నా బిడ్డా ఉండాల్సిన గది అది. ఆ మట్టిగోడకి నా పాలు పిండేదాన్ని. కిందికి చారలు చారలుగా కారి, ఎండి, తెల్లగా అట్టకట్టేవి. చీమలు బారులు తీరేవి.

ముసలమ్మ గుమ్మంలో నిలబడి చూసేది. "గోడకిత్తన్నావు గదే" అనేది.

ఇంటికి వెళ్లాక జరిగేది దానికన్నా బాధ. చీపురుపల్లిలో దిగి, పడమటి ఎండ మొహాన కొడుతుంటే పరుగులాంటి నడకతో ఇల్లు చేరేదాన్ని. వీధి మలుపు తిరగ్గానే పిల్ల ఏడుపు వినపడేది. నా గొంతు గుర్తుపట్టి ఇంకా ఎక్కువ చేసేది. గుమ్మంలో అత్త చెయ్యి అడ్డం పెట్టేది.

"ఆగే. ఎండపడొచ్చినావు. ఒళ్లు కాలిపోతన్నాది. ఆ పాలిస్తే గుంటకి విరోచనాలు పట్టుకుంటాయి."

ఎండలో నడిచొచ్చిన తల్లి పాలు వేడిపాలు. అవి బిడ్డకి పడవు. ఇది మా అత్త ఒక్కతే కనిపెట్టిన మాట కాదు, ఆ చుట్టుపక్కల ఏ ఇంట్లో అడిగినా ఇదే చెప్పేవారు. ముందు కాళ్లు కడుక్కోవాలి. నీడన కూర్చోవాలి. చల్లటి గంజినీళ్లు తాగాలి. ఒంటి వేడి దిగాక, ముందొచ్చే పాలు గోడకి పిండెయ్యాలి. ఆ తర్వాతే బిడ్డని ఒళ్లోకి తీసుకోవాలి. ఇంత తతంగం అయ్యేదాకా ఆకలి ఆగుతుందా? అత్త ఉగ్గుగిన్నెతో మేకపాలు పట్టేసేది. నేను పైట తీసి చేతులు చాచే వేళకి పిల్ల కడుపు ఉబ్బి, నోటి పక్కనుంచి మేకపాలు కారుతూ నిద్రపోయేది.

ఒకనాడు నా ఓపిక చచ్చిపోయింది. "తల్లి ఒళ్లు వేడెక్కితే పాలెలగ పాడైపోతాయత్తా? లోపలున్నవి లోపలే కదా?" అన్నాను.

"నువ్వు పుస్తకాలు సదివినావు. నాను ఆరుగుర్ని కన్నాను" అంది అత్త.

ఆ ఆరుగురిలో మిగిలింది బావ ఒక్కడే. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఎలా ఆపుకున్నానో తెలీదు. అత్తకి నా మొహంలో కనపడిపోయినట్టుంది. ఉగ్గుగిన్నె కింద పెట్టి, నాకేసి చూడకుండా చెప్పింది.

"ఊడుపుల రోజులు. మడిలోంచొచ్చి, కాళ్ల బురదైనా కడగకండా పాలిచ్చినాను. ఒళ్లు పెనంలాగున్నాది. మూడోనాటికి పోనాడు. ఆడి తరవాతది కూడా అలగే. నా పాలే సంపేసినాయని మా యత్త నలుగురిలో అనేసినాది. అందుకే సెప్తన్నాను. నాకు సరదా అనుకున్నావేటి?"

ఆమె నా బిడ్డ మీద కక్షతో చెయ్యడం లేదు. భయంతో చేస్తోంది. అది నాకు అర్థమైంది. అర్థమైనంతమాత్రాన కోపం తగ్గుతుందా? తగ్గలేదు. కళ్లు మూసుకుని గోడకి పిండాను.

ఇలా శివరాత్రి వెళ్లింది. ఎండలు ముదిరాయి. పిల్ల బొద్దుతనం పోయింది. మేకపాలు పడక ఒకరోజు బాగుంటే రెండురోజులు కక్కుకునేది. నా రొమ్ములు మునుపటిలా రాళ్లవడం లేదు. రైల్లో కూర్చుని జాకెట్టు తడిసిందా అని చూసుకునేదాన్ని. మొదట్లో తడిసిందని సిగ్గుపడేదాన్ని, ఇప్పుడు తడవలేదని భయపడేదాన్ని. పాలు తాగేవాళ్లుంటేనే వస్తాయి. ఆవుని పెంచిన ప్రతివాడికీ తెలిసిన సంగతి ఇది. దూడని రోజంతా దూరంగా కట్టేస్తే ఏమవుతుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. నా దగ్గరికి వచ్చేసరికి ఎవరికీ గుర్తు రాలేదు.

ఒక ఆదివారం పిల్లకి నీళ్లు పోస్తుంటే బావ వచ్చి నిలబడ్డాడు. వేలితో దాని పక్కటెముకలు తడిమాడు. "ఏటిలగైపోనాది?" అన్నాడు. నేను ఇంకో చెంబు నీళ్లు పోశాను. మాట్లాడితే అరుస్తానని తెలుసు.

"సరే, ఎల్లిపోండి. శుక్రవారం బాగున్నాది. బండి కట్టి నానే దింపుతాను" అన్నాడు.

నా పెళ్లయ్యాక బావ నోట "సూద్దాంలే" రాని రోజు అదే మొదటిది. నాకు ఏడుపొచ్చింది. అత్త కూడా అడ్డు చెప్పలేదు. పిల్ల బట్టలు ఉతికి మూటకట్టింది. మర్నాడు బడికి వెళ్లి ముసలమ్మకి చెప్తే అప్పటికప్పుడే గది అలకడానికి పేడ తెచ్చుకుంది. "ఈ గోడ మట్టుకు అలకనులే. నీ పాలున్నాయి, కాళ్ల కిందకెలగ తెస్తాను" అంది.

శుక్రవారం రాకముందే డప్పు మోగింది.

అమ్మవారి పండగ చాటింపు. మా ఊళ్లో ఊరమ్మ పండగ ఏటా రాదు. కొన్నేళ్లకోసారి, పెద్దలంతా కూడి అనుకున్నప్పుడు చేస్తారు. చాటింపు వేసిన నాటినుంచి పండగ వెళ్లేదాకా ఊరికి కట్టు. ఊళ్లోవాళ్లు పగలు ఎక్కడికైనా వెళ్లొచ్చు, కాని రాత్రికి పొలిమేర లోపలికి వచ్చెయ్యాలి. వేరే ఊళ్లో నిద్ర చెయ్యకూడదు. కాపురం ఎత్తకూడదు. ఎవరైనా కట్టు దాటితే అమ్మ కోపం ఊరంతటి మీదా పడుతుంది. ఎప్పుడో ఒకడు తప్పతాగి పక్క ఊళ్లో పడుకుంటే ఆ ఏడు మశూచికం వచ్చి ఎన్ని పీనుగులు లేచాయో ముసలివాళ్లు వేళ్లు మడిచి చెప్పేవారు.

డప్పు మా ఇంటి ముందు ఆగినప్పుడు నేను బియ్యం చెరుగుతున్నాను. చేట కింద పెట్టి బావ మొహంలోకి చూశాను. ఆయన తల వంచుకున్నాడు.

"పండగెల్లనీయే. ఎంతలో ఎల్లిపోతాది" అన్నాడు.

నువ్వు పిల్లని చంకనేసుకుని వెళ్లిపోవచ్చు కదా, నిన్నెవరు ఆపారు అని ఈనాటి ఆడపిల్లలు అడుగుతారు. అడగడం తేలికే. నేను వెళ్లిన మర్నాడు ఊళ్లో ఏ పిల్లాడికి ఒళ్లు వెచ్చబడినా ఆ పాపం తెచ్చి మా గుమ్మంలో పోసేవారు. మా అత్తనీ బావనీ నూతి దగ్గరికి కూడా రానిచ్చేవారు కాదు. నాకు అమ్మవారి మీద నమ్మకం ఎంతుందో నాకే తెలీదు గాని, ఊరి మీద మాత్రం పూర్తి నమ్మకం ఉంది. అన్నంతపనీ చేస్తారు. అందుకని ఇందులో నా తప్పుందని ఎవరన్నా ఈరోజుకీ ఒప్పుకోను. నా చుట్టూ కట్టిన గోడలు నేను కట్టినవి కావు.

గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు ఒంటిపూట బడులు కూడా అప్పుడే మొదలయ్యాయి. కోడి కూయకముందే లేచి వెళ్లాలి, మధ్యాహ్నం నిప్పుల్లాంటి ఎండలో తిరిగి రావాలి. ఎండ ఎంత ఎక్కువైతే అంతసేపు నీడన కూర్చోబెట్టేది అత్త. నా ఒళ్లు చెయ్యి పెట్టి చూసి, ఇంకా తగ్గలేదు ఇంకా తగ్గలేదు అనేది. పిల్ల ఏడుపు కూడా మారిపోయింది. వీధి చివరిదాకా వినపడే గొంతు పక్కగదిలోకి కూడా రావడం మానేసింది.

పండగ దగ్గరకొచ్చిన రోజుల్లో ఒక మధ్యాహ్నం కాళ్లు కడుక్కుని, గంజినీళ్లు తాగి, నీడన కూర్చుని, అలవాటుగా గోడకి తిరిగాను. పిండితే చుక్క రాలేదు. రెండోవైపు చూశాను. రాలేదు. అత్తని పిలిచాను. ఆమె వచ్చి తన చేత్తో నొక్కి చూసింది. అప్పుడు పరుగెత్తుకెళ్లి పిల్లని తెచ్చి, ఎండా లేదు నీడా లేదు, నా ఒళ్లో పడేసింది. పిల్ల నోరు పెట్టింది. రెండుసార్లు లాగి, ఏమీ రాక, నా మొహంకేసి ఒకసారి చూసి, మొహం తిప్పేసుకుని ఉగ్గుగిన్నె ఉన్న వైపు చేతులు ఆడించింది.

పండగ బ్రహ్మాండంగా జరిగిందన్నారు. చుట్టాలొచ్చారు, కోళ్లు తెగాయి, మేకపోతులు తెగాయి. నేను వచ్చినవాళ్లందరికీ వడ్డించాను. ఎవరు ఏమన్నారో ఒక్కటీ గుర్తులేదు.

పండగ వెళ్లిన మర్నాడే బావ బండి కట్టాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. ముసలమ్మ గది నున్నగా అలికి ఉంచింది, ఒక్క గోడ తప్ప. నేను మంచం ఆ గోడ వైపే వేసుకోవాల్సి వచ్చింది, ఇంకోవైపు కిటికీ. పక్కన పడుకున్న పిల్ల చెయ్యి చాపితే ఆ తెల్లటి చారల మీద పడేది. పెచ్చులు గోకి నోట్లో పెట్టుకోబోయేది. నేను చెయ్యి లాగేసేదాన్ని.

పాలు మళ్లీ రావాలని ముసలమ్మ చెయ్యని ప్రయత్నం లేదు. వెల్లుల్లి పెట్టింది, నువ్వులు దంచి పెట్టింది, బొప్పాయికాయ కూర వండింది. చేపలమ్మే ఆమె చేత భావనపాడు రేవు నుంచి పాలసొర చేప తెప్పించి పొరటు చేసి పెట్టింది. బాలింతకి అంతకు మించిన తిండి లేదంటారు. అన్నీ తిన్నాను. తింటూ ఆ వాసనకి కక్కుకున్నాను, మళ్లీ తిన్నాను. విరామం గంట కొట్టగానే సుద్దముక్క బల్ల మీద పడేసి రోడ్డు దాటి పరుగెత్తేదాన్ని. నిజంగానే అయిదంగల్లో ఇల్లు. ముసలమ్మ పిల్లని అందించేది. అది నన్ను చూసి నవ్వేది కూడా. రొమ్ముకి ఆనించబోతే మాత్రం నడుం విల్లులా వంచి వెనక్కి తోసుకునేది. చివరికి బావ విజయనగరంలో పాలసీసా కొని తెచ్చాడు. వేసవి సెలవులిచ్చినా నేను ఊరికి వెళ్లలేదు. గంట కొట్టని రోజుల్లో కూడా ఆ వేళకి పిల్లని ఒళ్లోకి తీసుకుని ప్రయత్నించాను.

తొలకరి వానలకి నూతినీళ్లు రంగు తిరిగాయి. సీసా ఎంత మరిగించినా ఎక్కడో తప్పిపోయింది. విరోచనాలు పట్టుకున్నాయి. ఇంట్లో చేసిన వైద్యానికి కట్టలేదు. విజయనగరం పెద్దాసుపత్రికి తీసుకెళ్దామని జట్కాలో నెల్లిమర్ల దాకా వెళ్లాం. రైలు ఎక్కాల్సిన అవసరం రాలేదు.

కబురు తెలిసి అత్త వచ్చింది. నా పక్కన కూర్చుని నెత్తి కొట్టుకుంది. "ఎండపాలు పట్టేసుంటావే. నాను లేను కదా, కాళ్లైనా కడుక్కోకండా పట్టేసుంటావు" అని ఏడ్చింది.

"పాలుంటే కదా అత్తా" అన్నాను.

ఆ తర్వాత చాలాకాలం ఆమెతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఊళ్లో మాత్రం, కోడలు పసిగుంటని పొలిమేర దాటించి పోగొట్టుకుందని చెప్పుకున్నారు. చెప్పుకోనీ. నేను ఆ గది వదల్లేదు. బావ వారానికోసారి వచ్చేవాడు. ఎప్పుడు వచ్చినా ఆ గోడకి వీపు పెట్టి కూర్చునేవాడు, మొహం అటు పెట్టేవాడు కాదు.

కొన్నేళ్లకి వేరే ఊరికి బదిలీ అయింది. అక్కడ కూడా బడిని ఆనుకునే ఇల్లు తీసుకున్నాను. మళ్లీ ఆడపిల్ల పుట్టింది. ఈసారి అత్తే మూటా ముల్లే సర్దుకుని మా దగ్గరికి వచ్చింది. ఊళ్లో ఇంటికి తాళం పడింది. దీపం పెట్టేవాళ్లు లేకపోయినా ఆ ఇల్లు కూలిపోలేదు.

చైత్రంలో ఒకరోజు, బడికి రాని పిల్లల్ని పిలుచుకు రావడానికి ఎండలో ఊరంతా తిరిగాను. ఇంటి గుమ్మం ఎక్కేసరికి ఒళ్లంతా చెమట, అరికాళ్లు మండుతున్నాయి. లోపల పిల్ల ఏడుస్తోంది. అత్త ఎప్పటిలా చెంబుతో నీళ్లు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"ఆగే..." అంది.

నేను ఆగలేదు. చెంబు పక్కనుంచి లోపలికి వెళ్లి, కాళ్లు కడుక్కోకుండా, చెమట తుడుచుకోకుండా, నేల మీద కూలబడి పిల్లని రొమ్ముకి ఆనించుకున్నాను. అత్త నోరు తెరిచింది. నేను ఆమె కళ్లలోకి సూటిగా చూశాను. ఆమె నోరు మూసుకుంది. ఆ రాత్రంతా పిల్ల పక్కనే కూర్చుని, పొట్ట మీద చెయ్యి వేసి, గుడ్డలు తీసి చూస్తూనే ఉంది. మర్నాడు కూడా నేను ఎండలోంచే వచ్చి అలాగే ఇచ్చాను. ఆ మర్నాడూ అంతే. పిల్లకి ఏమీ కాలేదు. బుగ్గలు వచ్చాయి. దాని గొంతు వీధి చివరిదాకా వినపడుతోంది.

తర్వాత ఒక మధ్యాహ్నం నేను పాలిస్తుంటే అత్త ఎదురుగా వచ్చి కూర్చుంది. చెంబు తేలేదు. చాలాసేపు పిల్ల గొంతు కదలడమే చూసింది.

"ఏటీ అవ్వలేదేటే?" అంది.

"ఏటీ అవ్వలేదత్తా."

"ఎండపాలే కదా?"

"ఎండపాలే."

ఆమె మొహం ఒక్కసారిగా ముడుచుకుపోయింది. కొంగు నోట్లో కుక్కుకుంది.

"మరైతే నా గుంటలెందుకు పోనారే?" అంది.

నేను ఆమెని ఓదార్చలేదు. బిడ్డ ఇంకా తాగుతోంది.